నెత్తికి ఏటి కడతారు?

గత డిసెంబరులో ఒక ఉదయం అరకు ఘాట్‌లోని డముకు వ్యూ పాయింట్ దగ్గర టీ తాగుతున్నాను. లోయ నిండా పాలపొంగులా మంచు. బొంగులో చికెన్ కాల్చే బళ్ల పక్కన నాలుగు బైకులు వచ్చి ఆగాయి. వాటి మీద వచ్చిన ఒక కుర్రాడి మోచేతికి మోటోక్రాస్ హెల్మెట్ వేలాడుతోంది. దానికి ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, పైన ఎండకు అడ్డంపెట్టినట్టు పీక్, ఎర్ర నల్ల చారలు. చూడముచ్చటగా ఉంది. టీ పోస్తున్న పెద్దావిడ ఒకసారి దాన్ని, ఒకసారి అతన్ని చూసి అడిగింది.

"మోచెయ్యి ఇరిగితే కట్టు కడతారు బాబూ. నెత్తి పగిలితే ఏటి కడతారు?"

కుర్రాడు నవ్వేసి, "దిగేటప్పుడు పెట్టుకుంటాలే అమ్మా" అన్నాడు.

ఘాట్ దిగుతున్నంతసేపూ ఆ మాటే నా వెంట వచ్చింది. గాయానికి కట్టు కడతాం. వస్తువుకు వెల కడతాం. బండికి లక్షన్నర కడతాం, ఆపైన నెలనెలా వాయిదాలు కడతాం, ఇన్సూరెన్స్ కడతాం. తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూడొందల దగ్గర బేరానికి దిగుతాం. మనిషి తనకు తాను ఎంత వెల కట్టుకున్నాడో డైరీలో రాసుకున్న లక్ష్యాల్లో కనపడదు. హెల్మెట్ కొట్టులో గడిపిన పది నిమిషాల్లో కనపడుతుంది. తెలియనిది అడగగలడా, తళుకు వెనక ఏముందో చూడగలడా, నచ్చకపోతే వద్దని లేచి రాగలడా అన్నవన్నీ ఆ పది నిమిషాల్లో తేలిపోతాయి.

నేను ఆ పరీక్ష ఒకసారి తప్పాను. చాలా ఏళ్ల కిందట రోడ్డు పక్కన పట్టా మీద పరిచి అమ్ముతుంటే 250 రూపాయలకు ఒక హెల్మెట్ కొన్నాను. దాని మీద ఐఎస్ఐ ముద్ర కూడా ఉంది. శృంగవరపుకోట దాటాక ఒక మలుపులో ఇసుక మీద బండి జారింది. వేగం ముప్పై కూడా లేదు. హెల్మెట్ కొబ్బరి చిప్పలా పగిలింది. లోపల బట్ట, బట్ట కింద పలచని స్పాంజి. అంతే, ఇంకేమీ లేదు. నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. అమ్మినవాణ్ణి చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత ఒప్పుకున్నాను, నేను దాన్ని నా తల కోసం కొనలేదు. కూడలిలో పోలీసు కంటికి కనపడాలని కొన్నాను.

కాబట్టి కొట్టులో అడుగు పెట్టకముందే ఒక సంగతి తెలుసుకోండి. హెల్మెట్‌లో తలను కాపాడేది పైనున్న గట్టి డిప్ప ఒక్కటే కాదు. అసలు పని చేసేది దాని లోపలి థర్మోకోల్. సంతకు కుండలు తెచ్చే కుమ్మరి కింద గడ్డి పరిచి తెస్తాడు, ఇనప్పెట్టెలో పెట్టి తేడు. కుదుపు వచ్చినప్పుడు గడ్డి నలుగుతుంది, కుండ నిలుస్తుంది. తల నేలకు తగిలినప్పుడు థర్మోకోల్ కూడా అలాగే తాను నలిగి, తల ఆగే సమయాన్ని కొన్ని మిల్లీసెకన్లు పొడిగిస్తుంది. ఆ కొన్ని మిల్లీసెకన్లలోనే ప్రాణం ఉంది. పైడిప్ప చేసే పని దెబ్బను ఒకచోట దిగబడనీయకుండా పరచడం, రాయి పొడుచుకు రాకుండా ఆపడం, రోడ్డు మీద జారనివ్వడం. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ పొంగదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత బాగున్నా దాని పని అయిపోయినట్టే. దాన్ని తమ్ముడికి ఇవ్వకండి, అమ్మకండి.

ఇలా నలిగే లైనింగుతో హెల్మెట్ చేయాలన్న ఆలోచన అమెరికాలో 1953లో చార్లెస్ లొంబార్డ్ పేటెంటుతో రూపం దిద్దుకుంది. అంతకుముందే ఇంగ్లండులో ఒక వైద్యుడి మనసులో హెల్మెట్ ఎంత అవసరమో అన్న ఆలోచనకు బీజం పడింది. 1935లో టి.ఇ. లారెన్స్, లారెన్స్ ఆఫ్ అరేబియాగా లోకానికి తెలిసినవాడు, మోటార్‌సైకిల్ మీంచి పడి ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఒకడు. ఆ చావును ఆయన మరిచిపోలేదు. సైన్యంలో ఉత్తరాలు మోసే బైకు రైడర్ల తల గాయాలను పరిశీలించి 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం ఆ రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఈ రోజు మన హెల్మెట్ మీద కనిపించే ప్రతి అసలైన ముద్ర వెనకా ఇలాంటి శ్రద్ధ ఉంది. ఆ ముద్రలు చదవడం నేర్చుకుందాం.

మన దేశంలో మొదట చూడాల్సింది ఐఎస్ఐ ముద్ర. ముద్ర ఉంటే చాలదని నా నుదురు చెబుతుంది. ముద్ర పైన ఐఎస్ 4151 అని ఉండాలి, అది బైకు హెల్మెట్ ప్రమాణం నంబరు. కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్స్ నంబరు ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌ను ఫోన్‌లో వేసుకుని ఆ నంబరు కొట్టండి. ఏ కంపెనీకి, ఏ వస్తువుకు లైసెన్స్ ఇచ్చారో, అది ఇంకా చెల్లుతోందో లేదో చూపిస్తుంది. కొట్టువాడి ముందే చూడండి, మొహమాటం వద్దు. 2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్‌ను మన దేశంలో అమ్మడమే నేరం. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా ఏదో ఒక టోపీ పెట్టుకోమనలేదు, భారత ప్రమాణానికి సరిపోయేదే పెట్టుకోమంది. నాలుగేళ్లు దాటినవారికి అది వర్తిస్తుంది, వెనక కూర్చున్నవారితో సహా. తప్పితే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత అని 194డి సెక్షన్ చెబుతుంది.

మోటోక్రాస్ హెల్మెట్లు కొనేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది డీవోటీ అన్న స్టిక్కర్. అది అమెరికా రవాణా శాఖ ప్రమాణం. అక్కడ తయారీదారు తన హెల్మెట్ ప్రమాణానికి తగినట్టు ఉందని తనే ప్రకటించుకుంటాడు. ప్రభుత్వం తర్వాత బజారులో కొని పరీక్షిస్తుంది, తప్పు తేలితే వెనక్కి రప్పిస్తుంది. అక్కడ ఆ భయం ఉంది కాబట్టి ఆ పద్ధతి నడుస్తోంది. ఇక్కడ సందు చివర అచ్చేసి అంటించిన మూడక్షరాల వెనక ఎవరూ లేరు. వట్టి డీవోటీ స్టిక్కర్ చూసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఐరోపావారి ఈసీఈ ముద్ర వేరే తరహా. అమ్మకముందే బయటి ప్రయోగశాలలో పరీక్ష నెగ్గాలి. గడ్డం కింద పట్టీకి కుట్టిన చీటీ మీద వలయంలో ఇ అక్షరం, పక్కన దేశం అంకె ఉంటాయి. కింద వచ్చే అనుమతి నంబరు 05తో మొదలైతే పాత నియమం, 06తో మొదలైతే కొత్త నియమం. ఆ చీటీ మీదే పి అనే అక్షరం ఉందా అని వెతకండి. ముందుకు పొడుచుకొచ్చిన ఆ గడ్డం భాగం నిజంగా కాపాడేదేనని పరీక్షించి ఇచ్చిన గుర్తు అది. ఎన్‌పి అని ఉంటే ఆ గడ్డం అలంకారమే. మోటోక్రాస్ హెల్మెట్ కొనేవాళ్లకు ఇంతకంటే విలువైన అక్షరం లేదు. అమెరికాలో స్నెల్ ఫౌండేషన్ ముద్ర కూడా గౌరవమైనదే. 1956లో పందెంలో తల దెబ్బతో పోయిన పీట్ స్నెల్ పేరుమీద మిత్రులు మరుసటి ఏడాదే ఆ సంస్థను పెట్టారు. ఇవన్నీ అదనపు బలం. మన రోడ్డు మీదికి వచ్చినప్పుడు మాత్రం ఐఎస్ 4151 ఉండి తీరాలి.

ఈసీఈ కొత్త నియమంలో నాకు నచ్చిన మార్పు, మెదడు మెలితిరగడాన్ని కూడా కొలవడం. ముంతలో పెరుగు తోడుకుంది అనుకోండి. ముంతను నిలువునా దించితే పెరుగు కదలదు. ఒక్కసారిగా గిరుక్కున తిప్పితే ముంత బాగానే ఉంటుంది, లోపల పెరుగు చీలుతుంది. తల ఏటవాలుగా నేలకు తగిలినప్పుడు జరిగేది అదే. స్వీడన్ న్యూరోసర్జన్ హాన్స్ ఫాన్ హోల్స్ట్, స్టాక్‌హోమ్ పరిశోధకుడు పీటర్ హాల్డిన్ కలిసి దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి, హెల్మెట్ లోపల కాస్త జారే పలచని పొరను తెచ్చారు. మిప్స్ అన్న పసుపు గుర్తుతో వచ్చేది అదే. డబ్బు అందితే తీసుకోండి. అందకపోతే, సరిగ్గా కొలతకు కుదిరిన మంచి ఐఎస్ఐ ఫుల్ ఫేస్ హెల్మెట్ వెయ్యి, పదిహేను వందల నుంచే దొరుకుతుంది. దాంతో మొదలుపెట్టడంలో చిన్నతనం లేదు.

అసలు మీకు మోటోక్రాస్ హెల్మెట్ కావాలా? మనసు పెట్టి ఆలోచించాల్సింది ఇక్కడే. అది మట్టి దారుల కోసం పుట్టింది. బండి నెమ్మదిగా పోతుంటే, మనిషి చెమటలు కక్కుతూ బండితో పెనుగులాడుతుంటే, ఊపిరి బాగా ఆడాలని గడ్డం భాగాన్ని ముందుకు జరిపారు. ముందు బండి చిమ్మే బురద, ఎదురు ఎండ, కొమ్మలు ముఖానికి తగలకుండా పీక్ పెట్టారు. అద్దం ఉండదు, గాగుల్స్ పెట్టుకోవాలి. బొర్రా నుంచి కటికి జలపాతానికి పోయే రాళ్ల దారి, మాడగడ వైపు మట్టి బాటలు, వంజంగి మేఘాల కొండ పైకి పోయే గుంతలు, ఇలాంటి చోట్ల ఇది నిజంగా హాయి. కానీ లెక్క చూడండి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, దాదాపు అంతా తారు రోడ్డే. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కేలోపు మైదానంలో డెబ్బై, ఎనభైలో పోతుంటే పీక్‌ను గాలి పట్టుకుని తలను వెనక్కి లాగుతుంది, మెడ పట్టేస్తుంది. సుంకరిమెట్ట దగ్గర మంచు కమ్మితే గాగుల్స్ లోపల ఆవిరి. చీకటి పడ్డాక నల్ల గాగుల్స్‌తో నడపడం కళ్లు మూసుకుని నడపడమే. రెండు కిలోమీటర్ల మట్టి కోసం నూరు కిలోమీటర్ల ఇబ్బంది ఎందుకు? అలాంటివారికి మామూలు ఫుల్ ఫేస్, లేదంటే పీక్‌తోపాటు అద్దం కూడా ఉండే అడ్వెంచర్ హెల్మెట్ నయం. మట్టి దారుల్లోనే ఎక్కువ తిరిగేవారికి, కాఫీ, మిరియాల బస్తాలు వేసుకుని తోటల నుంచి సంతకు బండి దింపే కొండ కుర్రాళ్లకు మోటోక్రాస్ హెల్మెట్ తగినదే. స్నేహితుడి ఫొటోలో బాగుందని కొనే వస్తువు కాదు ఇది. మన దారి ఏమిటో మనకు తెలిస్తేనే మన హెల్మెట్ ఏమిటో తెలుస్తుంది.

కొంటే ఒక సంగతి మరవకండి. పీక్‌ను బిగించే మరలు మంచి హెల్మెట్లలో ప్లాస్టిక్‌వి ఉంటాయి. పడినప్పుడు పీక్ నేలకు పట్టుకుని మెడను మెలిపెట్టకుండా అది విరిగి ఊడిపోవాలని కావాలనే అలా చేస్తారు. వదులైందని ఇనప బోల్టులు బిగించేవాళ్లున్నారు. అది మెడకు చేజేతులా పెట్టుకునే ఉచ్చు. హెల్మెట్ మీద కెమెరా స్టాండు అంటించేవారికీ ఇదే మాట. కెమెరాను ఛాతీకి కట్టుకోండి.

ఇక కొలత. దర్జీ టేపు తీసుకుని కనుబొమలకు వేలెడు పైనుంచి, వెనక బుర్ర బాగా పొడుచుకొచ్చిన చోటు మీదుగా చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే హెల్మెట్ మీద 580 అని ఉంటుంది. ఆ అంకె మొదలు మాత్రమే. తలకు పెట్టుకున్నాక బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. హెల్మెట్‌ను కుడికీ ఎడమకీ తిప్పితే నుదుటి చర్మం దాంతోపాటు కదలాలి, హెల్మెట్ విడిగా తిరిగిందంటే వదులు. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు లేపమని పక్కవాళ్లతో చెప్పండి. ఊడి వస్తే అది మీది కాదు. పడినప్పుడు కూడా అలాగే ఊడి మీకంటే ముందు దొర్లిపోతుంది. పావుగంట తల మీద ఉంచుకుని కొట్టులోనే తిరగండి. నుదుట ఒకేచోట ఎర్రగా నొక్కుపడితే ఆ అచ్చు మీ తలకు నప్పదు, మరో కంపెనీది చూడండి. గాగుల్స్, కళ్లజోడు వెంట తీసుకెళ్లి పెట్టి చూడండి. జడ, కొప్పు వేసుకునే ఆడవాళ్లు రోజూ ఎలా వేసుకుంటారో అలాగే వెళ్లి చూసుకోవాలి. ఇంట్లో అమ్మకో చెల్లికో అంచనాగా కొని తేకండి, వెంట తీసుకెళ్లండి. మోటోక్రాస్ హెల్మెట్లకు సాధారణంగా రెండు డి ఆకారపు రింగులుంటాయి. పట్టీని రెండింటిలోంచి దూర్చి, వెనక్కి మళ్లించి ఒకదాని కిందికి లాగాలి. ఇంట్లో ఇరవైసార్లు చేస్తే వేళ్లకు అలవాటవుతుంది. కట్టని పట్టీతో ఉన్న హెల్మెట్‌కూ మోచేతికి తగిలించిన హెల్మెట్‌కూ తేడా లేదు.

ఇంత చేసినా ఎంతవరకు కాపాడుతుంది? నిజం తెలుసుకున్నవాడే జాగ్రత్తగా నడుపుతాడు. ఈసీఈ పరీక్షలో హెల్మెట్‌ను దాదాపు 2.9 మీటర్ల ఎత్తు నుంచి వదిలినట్టు, సెకనుకు 7.5 మీటర్ల వేగంతో దిమ్మెకు కొడతారు. అది గంటకు 27 కిలోమీటర్లు. కొత్త నియమంలో సెకనుకు 6.0 మీటర్ల వేగపు చిన్న దెబ్బ, 8.2 మీటర్ల వేగపు పెద్ద దెబ్బ కూడా చేర్చారు. "ఇంతేనా?" అనిపిస్తుంది. బండి మీంచి జారి పడినప్పుడు ఒళ్లు రోడ్డు వెంట జారుతూ పోతుంది, తల మాత్రం మనిషి ఎత్తు నుంచి నేలకు పడుతుంది. ఆ పడే వేగం గంటకు సుమారు ఇరవై కిలోమీటర్లు. ఈ పరీక్ష దానికి సరిపోతుంది. కానీ ఘాట్‌లో రోడ్డు పక్కన పిట్టగోడ ఉంది, బండరాయి ఉంది, సిల్వర్ ఓక్ చెట్టు ఉంది. అరవైలో వెళ్లి నేరుగా వాటిలో దేనికైనా తల తగిలితే ఏ ముద్రా చాలదు. 2015లో డాకర్ ర్యాలీ పందెం పూర్తి చేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్, 2021 జనవరిలో సౌదీ అరేబియాలో అదే ర్యాలీలో పడినప్పుడు పందెపు సరంజామా అంతా ఒంటి మీదే ఉంది. అయినా తలకు గాయమై వైద్యులు ఆయనను కొన్నాళ్లు కృత్రిమ కోమాలో ఉంచాల్సి వచ్చింది. ఆయన కోలుకున్నారు. హెల్మెట్ లేకపోతే కోలుకోవడమన్న మాటే ఉండేది కాదు. అదే ఏడాది వినాయక చవితినాడు, సెప్టెంబరు 10న, హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారి పడ్డారు. నెలల తరబడి చికిత్స జరిగింది. తర్వాత తిరిగి కెమెరా ముందుకొచ్చి 'విరూపాక్ష' చేశారు. హెల్మెట్ వల్లే బతికానని అభిమానులకు ఎన్నోసార్లు చెప్పారు. అక్కడ బండిని పడేసింది రోడ్డు మీది ఇసుక. వానాకాలం పోయాక అనంతగిరి మలుపుల్లో పేరుకునేదీ ఇసుకే.

హైదరాబాద్‌లో ఆయనకు పెద్దాసుపత్రి నిమిషాల దూరంలో దొరికింది. అరకు ఘాట్‌లో గాలికొండ దగ్గర పడినవారికి అది దొరకదు. తలకు పెద్ద దెబ్బ తగిలితే ఘాట్ అంతా దిగి విశాఖ చేరాలి. అరకు నుంచి మూడు గంటల పైమాటే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో దారి లేని గూడేల నుంచి గర్భిణులను ఇంకా డోలీ కట్టి మోసుకొస్తున్నారు. 2018లో ఏజెన్సీ గూడేల కోసం బైక్ అంబులెన్సులు తెచ్చారంటే ఇక్కడ దూరం ఎలాంటిదో ఊహించుకోండి. కొండవాళ్లకు ఈ లెక్క పుట్టుకతో తెలుసు. డముకు పెద్దావిడ అడిగిన ప్రశ్న అందులోంచే వచ్చింది. కింది నుంచి పైకి సరదాగా వెళ్లే మనమే దాన్ని నేర్చుకోవాలి.

దారిలో ఎవరైనా పడి ఉండటం చూస్తే హెల్మెట్ పట్టుకుని లాగేయకండి. 108కి ఫోన్ చేయండి. మనిషి ఊపిరి తీసుకుంటూ ఉంటే కదపకుండా ఉంచండి. ఊపిరి ఆడటం లేదంటే ఇద్దరు కలిసి, ఒకరు మెడను, తలను కదలకుండా పట్టుకోగా మరొకరు నెమ్మదిగా తీయాలి. కొన్ని మంచి మోటోక్రాస్ హెల్మెట్లలో అడుగున ఎర్ర పట్టీలుంటాయి. వాటిని లాగితే బుగ్గల మెత్తలు ముందే బయటికొచ్చి హెల్మెట్ సులువుగా వస్తుంది. మీ హెల్మెట్‌కు అవి ఉన్నాయో లేదో మీ జట్టు అందరికీ చూపించండి.

జట్టు గురించి ఒక్క మాట. నలుగురిలో ముగ్గురు హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టి నడుపుతుంటే నాలుగోవాడు తల మీద పెట్టుకోవడానికి ధైర్యం కావాలి. "భయమా?" అని అడుగుతారు. "ఇంట్లో అమ్మ ఉంది" అని చెప్పండి, పట్టీ బిగించండి, బండి తీయండి. నా అనుభవంలో రెండో మలుపు దాటేలోపు మరొకడు పెట్టుకుంటాడు. వెనక కూర్చునేవారికి హెల్మెట్ లేకపోతే ఎక్కించుకోనని చెప్పడం ఇంకా కష్టం, అందులోనూ వాళ్లు మనకు ఇష్టమైనవాళ్లైతే. చెప్పండి. ఇష్టం ఉన్నచోటే ఆ మాట చెప్పాలి.

కొన్నాక ఆ వస్తువును గౌరవించండి. పెట్రోలుతో, థిన్నరుతో తుడవకండి, థర్మోకోల్ కరిగిపోతుంది. బండి అద్దానికి తగిలించకండి, లోపల గుంట పడుతుంది. ఎండలో గంటలు గంటలు వదలకండి. తయారైన నెల, ఏడాది లోపలి చీటీ మీద ఉంటాయి, అయిదేళ్లు దాటితే మార్చండి.

ఈ చలికాలం అరకు వెళ్దామని ఈపాటికి మీ వాట్సాప్ గ్రూపులో మాట మొదలై ఉంటుంది. ఈ రాత్రి మీ హెల్మెట్ తిరగేసి చూడండి. థర్మోకోల్ ఉందా, పట్టీ నిలుస్తోందా, ఐఎస్ 4151 కింద నంబరు ఉందా, ఆ నంబరు యాప్‌లో దొరుకుతోందా చూడండి. వెనక కూర్చునేవారిది కూడా చూడండి. ఒక్కటి తేడా వచ్చినా ప్రయాణాన్ని వారం వాయిదా వేయండి. గాలికొండ ఎక్కడికీ పోదు.